వారానికోసారి టైమడిగే కంప్యూటరు

మా ఇంట్లో గోడ గడియారం అయిదు నిమిషాలు ముందు నడుస్తుంది. పాడై కాదు, మా ఆవిడ అలా పెట్టించింది. పిల్లలు బడికెళ్లే రోజుల్లో మొదలైన ఏర్పాటు. పిల్లల పిల్లలు కాలేజీల్లో చేరినా అది మాత్రం మారలేదు. సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు కనక, ఎవరు చూసినా మనసులో అయిదు తీసేసుకునే చదువుతారు. అందరూ తీసేసుకుంటున్నప్పుడు ముందు పెట్టి లాభమేమిటని ఒకసారి అడిగాను. "మీకు తెలీదులెండి" అంది. అది నిజమేనని నాకు తెలియడానికి మా మనవరాలి రైలు టికెట్టు పోవాల్సి వచ్చింది.

కొన్నేళ్ల కిందటి మాట. మా ఇంట్లో కంప్యూటరు ఇంకా విండోస్ 7తోనే నెట్టుకొస్తున్న రోజులు. మే నెల, రాజమండ్రి ఎండ, ఇంక వేరే చెప్పక్కర్లేదు. సెలవులకొచ్చిన మా మనవరాలు చిన్ని తిరిగి హైదరాబాదు వెళ్లడానికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి తత్కాల్ టికెట్టు తీయాలని కూచుంది. స్లీపరు తత్కాల్ ముందురోజు పదకొండింటికి తెరుస్తారు. కంప్యూటరు గడియారం మీద నొక్కితే సెకన్ల ముల్లుతో సహా కనపడుతుంది కదా, దాన్ని తెరిచి పెట్టుకుని, ముల్లు పన్నెండు మీదికి రాగానే మీట నొక్కింది. వివరాలు కొట్టి, డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి వెయిటింగ్ లిస్టు.

"సరిగ్గా పదకొండుకే నొక్కాను తాతయ్యా!" అంది ఏడుపు గొంతుతో. నాకెందుకో అనుమానం వచ్చి ఫోను తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టాను. ఫోను కన్నా కంప్యూటరు పన్నెండు సెకన్లు వెనక ఉంది. మామూలు రోజుల్లో పన్నెండు సెకన్లంటే కాఫీలో పంచదార కలిపేంతసేపు. తత్కాల్లో మాత్రం బండి వెళ్లిపోయినట్టే లెక్క.

చిన్ని ఊరుకునే రకం కాదు. గడియారం సెట్టింగుల్లోకి వెళ్లి 'ఇంటర్నెట్ టైమ్' అనే పేజీ తెరిచింది. చివరిసారి ఇంటర్నెట్‌ని అడిగి టైము సరిచేసుకున్నది కిందటి శనివారం. మళ్లీ అడగబోయేది ఆ రోజు సాయంత్రం. అంటే వారానికోసారి.

"వారానికోసారేమిటి తాతయ్యా, సంతా?" అంది.

సంత అనగానే నాకు నవ్వొచ్చింది గానీ, ప్రశ్న మాత్రం పాతదే. ఏ గడియారమైనా తనంతట తాను సరిగ్గా ఉండదు, దాన్ని ఎప్పటికప్పుడు ఇంకో దానితో సరిచూసుకోవాలి. ఎంతకోసారి అన్నదే ఎప్పుడూ చర్చ. గడియారం అనే మాటలో ఉన్న గడియ, ఇరవై నాలుగు నిమిషాలు. అడుగున సన్నని బెజ్జం ఉన్న గిన్నెను నీళ్ల మీద వదిలితే అది మునిగేంతసేపు ఒక గడియ. బెజ్జంలో నలుసు పడినా, నీళ్లు చల్లబడి కాస్త చిక్కబడినా లెక్క తప్పుతుంది. అయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే గడియల లెక్క సూర్యోదయంతో మళ్లీ మొదలయ్యేది. అంటే వాళ్లు రోజుకోసారి సూర్యుణ్ణి అడిగి సరిచేసుకున్నట్టే. తర్వాత రైళ్లొచ్చాయి. అప్పట్లో రైళ్లు నడిచింది మద్రాసు టైముతో. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి రోజూ టెలిగ్రాఫ్ తీగ మీద టైము వచ్చేది. మన రాజమండ్రి మద్రాసుకి ఒకటిన్నర డిగ్రీలు తూర్పున ఉంది కనక, ఇక్కడి సూర్యుడు మద్రాసు గడియారం కన్నా ఆరు నిమిషాలు ముందుంటాడు. నీడను చూసుకుని స్టేషనుకి బయల్దేరిన పెద్దమనిషికి ఆరు నిమిషాలు ఊరికే కలిసొచ్చేవన్నమాట, మా ఆవిడ గడియారంలో లాగే. 1906లో దేశమంతటికీ ఒక ప్రామాణిక టైము పెట్టారు. మా చిన్నప్పుడు రేడియోలో వార్తల ముందు పిప్పులు వినిపించగానే నాన్నగారు చేతి గడియారం కీ పైకి లాగి ముల్లు తిప్పుకునేవారు. రోజుకోసారే.

మరి కీ ఇచ్చే గడియారానికే రోజుకోసారి సరిపోతే, ఇంత పెద్ద కంప్యూటరుకి వారంలో పన్నెండు సెకన్లు ఎలా పోయాయని చిన్ని ప్రశ్న.

పాడైపోయిన అలారం టైంపీసు ఒకటి ఉంటే విప్పి చూపించాను. పచ్చటి పలక మీద బియ్యం గింజంత పొడుగున్న వెండిరంగు గొట్టం. కంప్యూటరు మదర్‌బోర్డు మీద కూడా అలాంటి స్ఫటికమే ఉంటుంది. దాని లోపల సంగీతం వాళ్లు వాడే శ్రుతిదండం ఆకారంలో కోసిన క్వార్ట్‌జ్ ముక్క. దానికి కాస్త కరెంటు తగిలిస్తే వణుకుతుంది. సెకనుకి 32,768 సార్లు. ఈ అంకె ఎందుకంటే, దాన్ని సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి, అలా పదిహేనుసార్లు చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. సగం చెయ్యడం చిప్పుకి చిటికెలో పని. చిన్ని కాగితం మీద వేసి చూసుకుంది: 16,384, 8,192, 4,096... అలా ఒకటికొచ్చాక గానీ నమ్మలేదు.

చిక్కేమిటంటే, ఆ ముక్కని కోసేటప్పుడు అది లెక్క ప్రకారం సరిగ్గా 32,768 సార్లే వణికేలా కొయ్యడం కుదరదు. మామూలు స్ఫటికంలో పది లక్షలకి ఓ ఇరవై అటో ఇటో ఉంటుంది. రోజుకి 86,400 సెకన్లు. అందులో పది లక్షలకి ఇరవై చొప్పున అంటే సుమారు 1.7 సెకన్లు. ఏడు రోజులకి పన్నెండు! చిన్ని టికెట్టు తినేసిన పన్నెండూ అవే.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఈ స్ఫటికాల్ని సుమారు 25 డిగ్రీల దగ్గర బాగా నడిచేలా కోస్తారు. వేడెక్కినా వెనకబడుతుంది, చల్లబడినా వెనకబడుతుంది. పైగా తేడా రెట్టింపైతే తప్పు నాలుగింతలవుతుంది. 40 డిగ్రీల గదిలో పడుంటే ఒక్క వేడివల్లే రోజుకి అరసెకను పైగా పోతుంది. చేతి గడియారానికి ఈ బాధ తక్కువ, మన ఒళ్లే దాన్ని ఇంచుమించు ఒకే వేడిలో ఉంచుతుంది. మా కంప్యూటరుకి ఆ భాగ్యం లేదు, దాన్ని పడమటి కిటికీ కింద పెట్టింది నేనే. ఇంకో చిన్న సంగతి. కంప్యూటరులో గడియారాలు రెండు. ఆపేసినప్పుడు రూపాయి బిళ్లంత సెల్లు మీద బతికేది ఒకటి. ఆన్ చెయ్యగానే దాన్ని ఒకసారి చూసి, ఆ తర్వాత తన లెక్క తనే నడుపుకునేది విండోస్ గడియారం. ఒకరి తప్పు మీద ఇంకొకరి తప్పు.

"అయితే సెకనుకోసారి అడిగేలా పెట్టేస్తాను" అంది చిన్ని, మౌసు పట్టుకుని.

వద్దన్నాను. అలా అడిగితే ఏమవుతుందో 2003లో అమెరికాలో ఒక యూనివర్సిటీ చూసింది. మాడిసన్ అనే ఊళ్లో విస్కాన్సిన్ యూనివర్సిటీ. వాళ్ల దగ్గర టైము చెప్పే సర్వర్ ఒకటుండేది. ఎవరడిగినా చెప్పేది. ఆ మే నెలలో ఉన్నట్టుండి దాని మీద ప్రశ్నల వాన మొదలైంది. తర్వాత్తర్వాత అది సెకనుకి రెండున్నర లక్షల ప్రశ్నల దాకా పోయింది. ఎవరో పనిగట్టుకుని దాడి చేస్తున్నారనుకున్నారు. తవ్వి చూస్తే శత్రువులెవరూ లేరు. నెట్‌గేర్ కంపెనీ ఇళ్లకోసం అమ్మిన రౌటర్లు. లక్షల సంఖ్యలో. వాటి లోపల ఈ యూనివర్సిటీ సర్వర్ చిరునామాని చెరిగిపోకుండా రాసేశారు. అది ఒక తప్పు. జవాబు రాకపోతే సెకనుకోసారి మళ్లీ మళ్లీ అడగమని చెప్పారు, అది రెండో తప్పు. రెండూ కలిస్తే ఏమవుతుంది? జనం ఎక్కువై సర్వర్ జవాబివ్వలేకపోతుంది. జవాబు రాలేదు కనక అందరూ మళ్లీ అడుగుతారు. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడు ఆలస్యమైన కొద్దీ పంక్తి అంతా "సాంబారు, సాంబారు" అని అరవడం మొదలుపెడితే వాడు అడుగు వెయ్యగలడా? అదే. కంపెనీ సరిచేసిన సాఫ్ట్‌వేర్ ఇచ్చింది గానీ, ఇళ్లలో అటక మీదో టీవీ వెనకో పడున్న డబ్బాలకు దాన్ని ఎవరెక్కిస్తారు?

అందుకే ఈ లోకంలో ఒక మర్యాద ఉంది. అమెరికా ప్రభుత్వపు టైము సర్వర్లు నడిపేవాళ్లు నాలుగు సెకన్లకోసారి కన్నా తరచుగా ఎప్పుడూ అడగొద్దని రాసి పెట్టారు. అదే పనిగా అడిగే కంప్యూటరుకి సర్వర్ 'కాస్త తగ్గు నాయనా' అని చెప్పే చీటీ కూడా ఉంది. ఆ చీటీకి ఈ టైమడిగే పద్ధతిని రాసినవాళ్లు పెట్టిన పేరు 'కిస్ ఆఫ్ డెత్'. ఇంజనీర్లకు సరసం ఉండదని ఎవరన్నారు?

సెకనుకోసారి అడిగినా మనకి ఒరిగేది తక్కువే. అది తెలియాలంటే అసలు ఎలా అడుగుతారో చూడాలి. వీధి అరుగు మీద కూచుని "టైమెంతయిందే?" అని నేను కేకేస్తాననుకోండి. వంటింట్లోంచి మా ఆవిడ గడియారం చూసి చెప్పి, ఆ మాట నా చెవిన పడేసరికి కొంత కాలం గడిచిపోతుంది. నెట్‌లో కూడా అంతే. కంప్యూటరు ఏం చేస్తుందంటే, చీటీ పంపినప్పుడు తన టైము వేసుకుంటుంది. అందుకున్న క్షణం, తిరిగి పంపిన క్షణం రెండూ సర్వర్ వేస్తుంది. జవాబు చేతికి రాగానే మళ్లీ తన టైము. మొత్తం నాలుగు ముద్రలు. రానూపోనూ సెకనులో వందో వంతులు ఆరు పట్టిందనుకుందాం. సగం వెళ్లడానికి, సగం రావడానికి అనుకుని, సర్వర్ చెప్పిన టైముకి మూడు కలుపుకుంటుంది. ఎంత తెలివిగా ఉందో చూడండి. కానీ వెళ్లేటప్పుడు ఎడ్లబండి, వచ్చేటప్పుడు ఎక్స్‌ప్రెస్ అయితే ఈ సగం లెక్క తప్పిపోతుంది. ఆ తప్పుని ఎన్నిసార్లు అడిగినా కంప్యూటరు కనిపెట్టలేదు.

ఈ పద్ధతిని ఎన్‌టీపీ అంటారు. దీన్ని కట్టి నిలబెట్టినాయన డేవిడ్ మిల్స్. అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసరు. పుట్టుకతోనే గ్లకోమా, చూపు అంతంతమాత్రం. చివరి ఏళ్లలో అదీ పోయింది. 1985లో దీని మొదటి ప్రామాణిక పత్రం వచ్చింది. ఆయన 2024 జనవరిలో, ఎనభై అయిదేళ్ల వయసులో పోయారు. నా దృష్టిలో ఆయన గొప్పతనం టైము అడగడంలో లేదు, అడగకుండా ఉండడంలో ఉంది. ఆయన పద్ధతిలో గడియారం అడిగిన ప్రతిసారీ టైము దిద్దుకుని ఊరుకోదు, 'నేను రోజుకి ఎంత తప్పుతున్నాను?' అని కూడా లెక్క కట్టుకుంటుంది. లినక్స్ లాంటి వాటిలో ఆ అంకెని ఒక చిన్న ఫైల్లో రాసి పెట్టుకుంటుంది కూడా. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే రోజుకి అంత చొప్పున తనే కలుపుకుంటూ పోతుంది. మొదట 64 సెకన్లకోసారి అడుగుతుంది. తన తప్పు తనకు అర్థమైన కొద్దీ విరామం రెట్టింపు చేసుకుంటూ 1,024 సెకన్ల దాకా, అంటే పదిహేడు నిమిషాల దాకా పోతుంది. మా డాక్టరుగారు నాకు షుగరు బయటపడినప్పుడు రోజుకి మూడుసార్లు చూసుకోమన్నారు. కుదురుకున్నాక వారానికోసారి చాలన్నారు. అచ్చం అదే.

ఇక్కడే చిన్నికి గోడ గడియారం చూపించాను. అది అయిదు నిమిషాలు తప్పు, కానీ ఏళ్ల తరబడి అదే అయిదు. తప్పెంతో ఖాయంగా తెలిసిన గడియారం తప్పు గడియారం కాదు, తీసేసుకుంటే సరి. మన కంప్యూటరు తప్పు రోజురోజుకీ పెరుగుతుంది. అయినా పెరిగే వేగం ఒకేలా ఉంటే దాన్నీ తీసేసుకోవచ్చు. మనల్ని నిజంగా ఏడిపించేది ఆ వేగమే మారిపోవడం. పగలు ఎండ, రాత్రి ఏసీ, మధ్యలో కరెంటు కోత.

"అయితే మన విండోస్ ఆ వేగం సంగతి ఎందుకు పట్టించుకోదు?" అంది. ఆ రోజుల్లో ఇళ్లలో వాడే విండోస్‌కి టైము మరీ తప్పకుండా ఉంటే చాలనుకున్నారు, అంతే. వారానికోసారి చాలనుకోవడమూ అందుకే. ఆ వారం ఎక్కడ రాసుందో ఇద్దరం కలిసి వెతికాం. రిజిస్ట్రీ అనే చోట, ఎన్‌టీపీ క్లయింట్ అనే సంచిలో, 'స్పెషల్ పోల్ ఇంటర్వెల్' అనే పేరు. దాని ఎదురుగా 6,04,800. చిన్ని ఫోనులో భాగించి చూసింది. సెకన్లలో రాసిన ఏడు రోజులు. తర్వాతి కాలంలో విండోస్ 10 యంత్రాల్లో నేను చూసినంతలో అక్కడ 32,768 ఉంటోంది. తొమ్మిది గంటల చిల్లర. స్ఫటికం వణుకు అంకె మళ్లీ ఇక్కడ తగలడం కాకతాళీయమే. రెట్టింపులతో ఆలోచించేవాళ్లకి చేతికందే అంకె అది.

మరి మేం ఎంత పెట్టాలి? నియమం చిన్నదే. నీ గడియారం గంటకి ఎంత తప్పుతోంది, నువ్వు ఎంత తప్పు ఓర్చుకోగలవు. మాది రోజుకి 1.7 సెకన్లు, అంటే గంటకి 0.07. చిన్ని అరసెకను దాకా ఓర్చుకుంటానంది. అరని 0.07తో భాగిస్తే ఏడు గంటలు. వాటంగా ఆరు గంటలు చేసి 21,600 రాసింది. సెకనుకోసారి అడుగుతానన్న పిల్ల రోజుకి నాలుగుసార్లతో సరిపెట్టుకుంది.

అంకె మార్చి మురిసిపోతే సరిపోదని మరుసటి రోజు తెలిసింది. విండోస్ 7లో ఆ టైము సర్వీసు ఎప్పుడూ మేలుకుని ఉండదు. ఒక నియమిత పని వారానికోసారి దాన్ని లేపుతుంది, పనయ్యాక మళ్లీ నిద్ర. నిద్రపోయేవాడి చేతిలో ఆరు గంటల అంకె పెట్టి ఏం లాభం? సర్వీసుల జాబితాలోకి వెళ్లి అది ఎప్పుడూ మేలుకునుండేలా మారిస్తే గానీ కదల్లేదు. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ మొదటి పేజీలో ఉండవు.

గడియారాన్ని దిద్దడంలోనూ ఒక పద్ధతుంది. ముందుకి జరపడం అంత ప్రమాదం కాదు, వెనక్కి తిప్పితేనే గొడవ. పదకొండూ అయిదుకి రాసిన ఫైలు తర్వాత, పదకొండూ మూడుకి ఇంకోటి రాస్తే, ఏది ముందో ఏది వెనకో కంప్యూటరుకి పిచ్చెక్కుతుంది. అందుకని మిల్స్ పద్ధతిలో తేడా సెకనులో ఎనిమిదో వంతు లోపు ఉంటే ముల్లు ఎగరదు. నడక కాస్త మందగిస్తుంది, లేదా కాస్త జోరందుకుంటుంది. అదీ పది లక్షలకి అయిదు వందలు మించకుండా. ఆ చొప్పున ఒక్క సెకను సర్దాలంటే ముప్ఫైమూడు నిమిషాలు. పెద్దవాళ్లు మాట మార్చేటప్పుడు పిల్లలకి తెలియకుండా మెల్లగా మార్చినట్టు.

తేడా మరీ ఎక్కువైతే? అదీ అనుభవమైంది. ఆ వర్షాకాలంలో మదర్‌బోర్డు మీది సెల్లు అయిపోయింది. కరెంటు పోయి వచ్చేసరికి కంప్యూటరు ఏళ్ల కిందటి జనవరి ఒకటో తారీఖున నిద్రలేచింది. ఏ బ్యాంకు పేజీ తెరిచినా భద్రత లేదని గోల. పేజీల సర్టిఫికెట్లకి మొదలూ చివరా తేదీలుంటాయి కదా, ఇంకా పుట్టని సర్టిఫికెట్టుని అది ఎలా నమ్ముతుంది? ఆరు గంటలకోసారి అడుగుతుందిగా, అదే దిద్దుకుంటుందిలే అనుకున్నాను. దిద్దుకోలేదు. తేడా పదిహేను గంటలు దాటితే విండోస్ ఇక టైము సర్వర్ మాట వినదు, 'ఇది నా తప్పు కాదు, చెప్పేవాడిదే ఏదో తేడా' అనుకుంటుంది. మొండితనంలా కనిపిస్తుంది గానీ, ఎవడో తప్పుడు సర్వర్ పదేళ్లు వెనక్కి తిప్పమంటే తిప్పేసే గడియారం కన్నా ఇదే నయం. తారీఖు చేత్తో దిద్ది, కొత్త సెల్లు వేశాక దారికొచ్చింది.

దసరాకి చిన్ని మళ్లీ వచ్చింది. మళ్లీ గౌతమి, మళ్లీ తత్కాల్. పొద్దున్నే ఫోనునీ కంప్యూటరునీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. తేడా కంటికి ఆనలేదు. పేర్లూ వయసులూ ముందే కొట్టి పెట్టుకుని, చెయ్యి మౌసు మీద వేసి కూచుంది. ఇంతలో వంటింట్లోంచి గోడ గడియారం చూస్తూ మా ఆవిడ కేకేసింది. "పదకొండయిందే, నొక్కు!"

తెర మీంచి చూపు తిప్పకుండానే చిన్ని అంది. "ఇంకా అయిదు నిమిషాలుంది అమ్మమ్మా."